మా డాబా మీద పడే వెలుగు లెక్క ఎవరి దగ్గరుంది?

మొన్న ఆదివారం పొద్దున్న శ్రీకాకుళం సూర్యమహల్ జంక్షన్ దగ్గర టీ తాగుతుంటే మా తోడల్లుడు ఫోన్‌లో ఒక వార్త చూపించాడు. సిలికాన్ మీద పెరోవ్‌స్కైట్ అనే ఇంకో పొర వేసి చేసిన సోలార్ సెల్, మీద పడే వెలుగులో 34 శాతం పైగా కరెంటుగా మార్చిందట. "అన్నయ్యా, నువ్వు తొందరపడ్డావు. ఇంకో రెండు మూడేళ్లు ఆగుంటే అదే డాబా మీద ఒకటిన్నర రెట్లు కరెంటు వచ్చీది" అన్నాడు.

అప్పటికి నా దగ్గర జవాబు లేదు. గత మూడు నెలలుగా నేను పడుతున్న తంటా వేరు. మా డాబా మీద ఆరు సోలార్ పలకలున్నాయి. వాటిలో ఒకటి సరిగ్గా పనిచేయడం లేదని తెలుసుకోవడానికే నాకు నెల పట్టింది, దాన్ని మార్చడానికి కంపెనీని ఒప్పించేసరికి మరో రెండు నెలలు. ఎక్కువ వెలుగు పట్టే పలక రావాలని నాకూ ఉంది. పిల్లలకి ఫిజికల్ సైన్స్ చెప్పుకునేవాణ్ణి, ఉండకుండా ఎలా ఉంటుంది? కానీ దానికన్నా ముందు, నేను డబ్బు పెట్టి కొన్న పలక ఎంత వెలుగు పడుతోందో చూసుకునే హక్కు నాకు ఉండాలి. అది ఇప్పుడు లేదు. కొత్త రకం పలకలు వస్తే ఇంకా దూరమవుతుందని నా భయం. మా తోడల్లుడికి ఆ రోజు చెప్పలేని జవాబే ఈ పోస్టు.

పదకొండు రూపాయల టికెట్

ఏటా పదో తరగతి పిల్లలతో ఒక ప్రయోగం చేయిస్తాను. తోటలో గుచ్చుకునే చిన్న సోలార్ దీపం నుంచి ఊడదీసిన అరచేతంత పలక, ఒక మల్టీమీటరు, రంగుల జిలెటిన్ కాగితాలు. స్కూలు గ్రౌండులో ఎండలో పెట్టి ముందు ఎర్ర కాగితం కప్పుతాం, తర్వాత ఆకుపచ్చ, తర్వాత నీలం. ప్రతిసారీ కరెంటు కొంత తగ్గుతుంది. చివర్లో మూడూ కలిపి కప్పుతాం. అప్పుడు కాగితాల్లోంచి చూస్తే దాదాపు నల్లగా ఉంటుంది, చుట్టూ ఉన్నదేమీ కనపడదు. కానీ మీటరు సున్నాకి రాదు. కరెంటు ఇంకా వస్తూనే ఉంటుంది.

ఈ ఏడాది ఒక అమ్మాయి అడిగింది: "మాస్టారూ, మనకి చీకటిగా ఉంది, దానికి చీకటి కాదేటి?"

ఆ ప్రశ్నలోనే అంతా ఉంది. మన కంటికి కనపడేది 400 నుంచి 700 నానోమీటర్ల పొడవున్న తరంగాల వెలుగే. నేలకి చేరే సూర్యశక్తిలో దాదాపు సగం ఎరుపు దాటి అవతల, పరారుణంలో ఉంటుంది. ఆ రంగు కాగితాలు కంటికి కనపడే వెలుగుని ఆపుతాయి గానీ పరారుణాన్ని వదిలేస్తాయి. సిలికాన్ సుమారు 1100 నానోమీటర్ల దాకా ఆ వెలుగుని పట్టుకుంటుంది.

ఇంకో రకంగా చెప్తాను. పల్లెవెలుగు బస్సులో టికెట్ 11 రూపాయలనుకోండి. జేబులో 10 రూపాయలే ఉన్నవాణ్ణి కండక్టరు ఎక్కనివ్వడు. 27 రూపాయలు ఇచ్చినవాడికి చిల్లర తిరిగి ఇవ్వడు. సిలికాన్ చేసేది సరిగ్గా ఇదే. దాని టికెట్ 1.12 ఎలక్ట్రాన్ వోల్టులు (కాంతి కణం మోసే శక్తికి అదో కొలత). నీలం కాంతి కణం 2.7 దాకా తెస్తుంది. సిలికాన్ తన వాటా తీసుకుంటుంది, మిగతాది వేడి అయిపోతుంది. 1100 దాటిన పరారుణం దగ్గర టికెట్‌కి సరిపడా ఉండదు, అది దూరి వెళ్లిపోతుంది. ఒకే పదార్థంతో చేసిన సెల్ ఎంత బాగా చేసినా సుమారు 30 శాతం దగ్గర ఆగిపోతుందని 1961లోనే షాక్లీ, క్వైసర్ అనే శాస్త్రవేత్తలు లెక్క కట్టారు. 1954లో బెల్ ల్యాబ్స్ వాళ్లు చేసిన, పనికొచ్చే మొదటి సిలికాన్ సెల్ 6 శాతం. ఇవాళ మన డాబాల మీదవి 21, 22 దగ్గర ఉన్నాయి.

పెరోవ్‌స్కైట్ పొర చేసేదేమిటంటే, ముందు 17 రూపాయల బస్సు ఒకటి పెడుతుంది. ఎక్కువ ఇచ్చుకోగలిగిన నీలం, ఆకుపచ్చ, ఎరుపు అందులో ఎక్కుతాయి, వృథా తగ్గుతుంది. ఆ టికెట్ కొనలేని పరారుణం కింద ఉన్న సిలికాన్ బస్సు ఎక్కుతుంది. 2024లో చైనా కంపెనీ లాంగీ ప్రకటించిన 34.6 శాతం అలా వచ్చిందే. అది ల్యాబ్‌లో చేసిన చిన్న సెల్, డాబా మీద పెట్టే పలక కాదు. ఉపగ్రహాలకి గాలియం ఆర్సెనైడ్‌తో ఇలా పొరలు పొరలుగా చేసిన సెల్స్ ఎన్నో ఏళ్లుగా వాడుతున్నారు. ధర మన ఇళ్లకి అందేది కాదు.

సైన్స్ మీద నాకు ఏ అనుమానమూ లేదని చెప్పడానికే ఇదంతా రాశాను. ఇక మా ఇంటి సంగతి.

312, 266

2024 అక్టోబరులో మూడు కిలోవాట్ల ప్లాంటు పెట్టించాం. 540 వాట్ల పలకలు ఆరు, వాటి డీసీ కరెంటుని ఇంటికి పనికొచ్చే ఏసీగా మార్చే ఇన్వర్టరు ఒకటి. ఇళ్ల మీది సోలార్‌కి కేంద్రం పెట్టిన పీఎం సూర్యఘర్ పథకం కింద 78,000 రూపాయల సబ్సిడీ వచ్చింది. అమర్చినవాళ్ల పేరు, కంపెనీ పేరు ఇక్కడ రాయను. నా బాధ ఒక కంపెనీ గురించి కాదు.

2024 డిసెంబరులో 312 యూనిట్లు వచ్చాయి. 2025 డిసెంబరులో 266. అదే నెల, దాదాపు అదే ఎండ. వారంటీ కాగితంలో మొదటి ఏడాది 2 శాతం, ఆ తర్వాత ఏడాదికి 0.55 శాతానికి మించి తగ్గదని, 25 ఏళ్ల తర్వాత కూడా 84.8 శాతం ఉంటుందని రాసి ఉంది. నాకు ఏడాదికే దాదాపు 15 శాతం పోయింది.

కంపెనీకి ఫోన్ చేస్తే అటునుంచి వచ్చిన మాట: "జనరేషన్ తగ్గడానికి వంద కారణాలుంటాయి సార్. క్లైమేట్, డస్ట్, షాడో. ప్యానెల్స్‌కి ఏమీ అవదు."

అది తప్పించుకునే మాటలా అనిపించినా, అబద్ధం కాదు. అందుకే కంపెనీని అనుమానించే ముందు మిగతావన్నీ చూసుకున్నాను. పలకలు కడిగాం. ఆ వారం రోజుకి పావు యూనిట్ కూడా పెరగలేదు. తర్వాత నీడ. మా దక్షిణం వైపు ఇంటివాళ్లు గత వేసవిలో మెట్ల గది మీద నీళ్ల ట్యాంకు పెట్టారు. చలికాలం సూర్యుడు దక్షిణానికి వాలతాడు కాబట్టి, అంతకుముందు లేని నీడ ఇప్పుడు వచ్చి ఉండొచ్చు. రెండు ఆదివారాలు డాబా మీద కుర్చీ వేసుకుని కూర్చుని సుద్దముక్కతో గంట గంటకీ నీడ అంచు గీసుకున్నాను. 3 గంటల 40 నిమిషాలకి ట్యాంకు నీడ చివరి పలక మూలకి తగులుతుంది. అప్పటికి ఎండ సత్తువ తగ్గిపోయి ఉంటుంది. లెక్క వేస్తే రెండు శాతం పోవచ్చు, ఉదారంగా వేసుకుంటే మూడు. వారంటీలోనే ఒప్పుకున్న రెండు శాతం తీసేస్తే ఇంకా పది పైన మిగిలింది. దానికి లెక్క తేలలేదు.

వాళ్ల లాగిన్, నా లాగిన్

నా ఫోన్‌లో యాప్ ఉంది. ఈ రోజు ఎన్ని యూనిట్లు, ఈ నెల ఎన్ని, ఎన్ని చెట్లు నాటినట్టు అని ఒక ఆకుపచ్చ బొమ్మ. అంతే.

పాలిటెక్నిక్ చదివి ఇప్పుడు వేరే ఊళ్లో సోలార్ పని చేసుకుంటున్న నా పాత విద్యార్థి సంక్రాంతికి వచ్చాడు. యాప్ చూసి, "ఇది కస్టమర్ లాగిన్ మాస్టారూ. ఇన్‌స్టాలర్ లాగిన్ వేరే ఉంటాది. డీసీ వోల్టేజీ, ఆంపియర్లు, ఫాల్ట్ కోడ్‌లు, గ్రిడ్ ఎప్పుడు ట్రిప్ అయిందో, అన్నీ అందులో ఉంటాయి. మీ ప్లాంటు గురించి మీకన్నా ఆళ్ల ఆఫీసులో కుర్రాడికే ఎక్కువ తెలుసు" అన్నాడు.

ఆ మాట నాకు చాలా గట్టిగా తగిలింది. ఇన్వర్టరు నాది. దాని డేటా నా ఇంటి వైఫై మీదుగా, నేను కట్టే ఇంటర్నెట్ బిల్లు మీద బయటికి పోతోంది. ఐదు నిమిషాలకోసారి మా డాబా సంగతి ఎక్కడో సర్వర్‌లో నమోదవుతోంది. నేను అడిగితే, "అది కస్టమర్‌కి ఇవ్వం సార్, పాలసీ" అన్నారు.

మా వాడు, ఆ విద్యార్థే, ఇన్వర్టరు మీదున్న చిన్న తెరలో నాలుగు మెనూలు దాటి వెళ్లి వోల్టేజీ పట్టుకున్నాడు. మిట్టమధ్యాహ్నం, ఏ నీడా లేదు. పలక వెనక చీటీ మీద పనిచేసే వోల్టేజీ 41 అని ఉంటుంది గానీ, ఎండకి కాలిన పలక మీద అది 37 దగ్గరికి దిగుతుంది. ఆరింటికి కలిపి 225 దగ్గర ఉండాలి. తెర మీద 200 ఉంది. ఒక్కో పలకలో మూడేసి భాగాలుంటాయి. ఏ భాగంలోనైనా సెల్ దెబ్బతింటే బైపాస్ డయోడ్ ఆ భాగాన్ని వదిలేసి కరెంటుని పక్కనుంచి పంపుతుంది. ఒక్కో భాగం పన్నెండున్నర వోల్టులు. తగ్గింది 25. అంటే 18 భాగాల్లో రెండు పడుకున్నాయి. అది 11 శాతం. నాకు లెక్క తేలనిది కూడా దాదాపు అంతే.

నెల రోజులు నేను సుద్దముక్కతో వెతికిన జవాబు ఆ సర్వర్‌లో మొదటి రోజు నుంచీ ఉంది.

రాత్రి డాబా మీద

ఏ పలకో, ఎందుకో తేలాలి. కంపెనీ వాళ్లు ఈఎల్ టెస్ట్ (పలకకి కరెంటు ఇచ్చి అది వెలిగే తీరుని ఫొటో తీసే పరీక్ష) రిపోర్టు ఉంటే చూస్తామన్నారు. ల్యాబ్‌కి పలక ఊడదీసి పంపాలి, ఖర్చు మాది. వేరేవాళ్లు పలక మీద చేయి వేస్తే వారంటీ పోతుందని కాగితంలో రాసి ఉంది. ఊడదీస్తే వారంటీ పోతుంది, తీయకపోతే రుజువు లేదు. ఆ వారమంతా టెన్షనే.

మా వాడికి తెలిసిన ఒకాయన దగ్గర పాత కెమెరా ఉంది, లోపల పరారుణాన్ని ఆపే ఫిల్టరు తీసేసినది. ఒక శనివారం రాత్రి ఎనిమిది దాటాక, పలకలు కదల్చకుండా, వాటి మధ్య కనెక్టర్లు మాత్రం విప్పి, ఒక్కో పలకకీ బయటి నుంచి డీసీ కరెంటు ఇచ్చారు. వీధిలైటు పడకుండా మా ఆవిడ, నేను దుప్పటి అడ్డం పట్టుకున్నాం. కెమెరా అరనిమిషం తెరిచి ఉంచారు.

కంటికి ఏమీ కనపడలేదు. పలక మామూలు నల్లటి పలకే. కెమెరా తెర మీద మాత్రం అది వెలిగింది. పగలంతా వెలుగుని పట్టి కరెంటు చేసే సిలికాన్, కరెంటు ఇస్తే తిరిగి వెలుగు ఇస్తుంది, 1150 నానోమీటర్ల దగ్గర. పాఠంలో చెప్పడమే గానీ నేను చూడటం అదే మొదటిసారి. బూడిదరంగు గళ్లు, 144 అర సెల్స్, అన్నీ ఒకే తీరులో. మొదటి పలక బాగుంది. రెండోదాంట్లో కింది మూల దగ్గర ఒక సెల్ సగం నల్లగా, పక్క భాగంలో ఇంకో సెల్‌లో ఎండిన చెరువు మట్టిలో బీటల్లా కొమ్మలు కొమ్మలుగా గీతలు. అద్దం మీద గీత కూడా లేదు. పగలు చేత్తో తడిమి చూశాను, నున్నగా ఉంది. మిగతా నాలుగూ శుభ్రంగా ఉన్నాయి.

ఇంటికి దిగాక మా ఆవిడ ఫోన్ తీసి, ప్లాంటు పెట్టిన రోజు తను చుట్టాల గ్రూపులో పెట్టడానికి తీసిన ఫొటోలు వెతికింది. వాటిలో ఒకదాంట్లో అమర్చే కుర్రాడు రెండో పలక కింది మూల మీద మోకాలు ఆనించి అవతలి బోల్టు బిగిస్తున్నాడు.

ఆ కుర్రాడి తప్పని నేను అనను. వంగి బిగించడానికి అక్కడ చోటు లేదు, అతనికి ఎవరూ చెప్పి ఉండరు. మనిషి బరువుకి సెల్‌లో సన్నటి బీట పడుతుంది, రోజూ ఎండకి సాగి రాత్రికి ముడుచుకుని అది నెలల మీద తెరుచుకుంటుంది. అలాగే అయిందని నిరూపించగలనా? లేను. ఫ్యాక్టరీ నుంచి లారీలో వచ్చేటప్పుడే పడి ఉండొచ్చు. అక్టోబరు గాలివానకి పడి ఉండొచ్చు. కంపెనీ వాళ్లు ఆ చివరి మాటే పట్టుకున్నారు, ప్రకృతి వైపరీత్యమైతే వారంటీ వర్తించదని. 2018 తిత్లీ తుఫాను చూసినవాళ్లం, గాలికి ఏం జరుగుతుందో మాకు తెలుసు. కానీ బిగించిన రోజు ఇలాంటి ఫొటో ఒకటి తీసి ఇచ్చి ఉంటే ఈ వాదన పుట్టేదే కాదు. పలక అప్పుడెలా ఉందో, ఇప్పుడెలా ఉందో పక్కపక్కన పెట్టి చూసుకునేవాళ్లం.

కంపెనీల వైపు న్యాయం

వాళ్ల మాటల్లో నిజం లేకపోలేదు. డాబా మీది డీసీ కరెంటు ప్రమాదకరమైనది. ఇంట్లో ఏసీ కరెంటు సెకనుకి వందసార్లు సున్నాకి వస్తుంది కాబట్టి నిప్పురవ్వ ఆరిపోతుంది. 200 వోల్టుల డీసీ వైరు ఎండలో పనిచేస్తుండగా లాగితే నిప్పు సాగుతూనే ఉంటుంది. అద్దానికీ వెనక షీటుకీ మధ్య అతికించేసిన సెల్‌ని వీధిలో మెకానిక్ విప్పి బాగుచేయలేడు కూడా. కాబట్టి మొబైల్ విషయంలో అడిగే మరమ్మతు హక్కునే, అంటే నచ్చిన చోట బాగుచేయించుకునే హక్కునే, ఇక్కడా యథాతథంగా అడగడం తెలివైన పని కాదు. ఇన్వర్టరు బోర్డులు, కనెక్టర్లు, డేటా నమోదు చేసే లాగర్ విషయంలో అడగాలి. పలక విషయంలో అడగాల్సింది వేరు.

ఇన్‌స్టాలర్ లాగిన్ అందరికీ ఇస్తే, గ్రిడ్ రక్షణ కోసం పెట్టిన అంకెలు ఎవరో మార్చేస్తారు, లైన్‌మన్ ప్రాణం మీదికి వస్తుంది అన్నారు ఒకరు. ఒప్పుకుంటాను. మార్చనివ్వకండి. చూడనివ్వండి. మన కరెంటు మీటరుకి సీలు ఉంటుంది, దాన్ని ఎవరమూ విప్పం. రీడింగ్ మాత్రం గోడ మీద అందరికీ కనపడుతుంది. పెట్రోలు బంకులో అనుమానం వస్తే ఐదు లీటర్ల కొలపాత్రతో కొలిచి చూపించమని అడగొచ్చు. బంకు యంత్రం విప్పమని ఎవరూ అడగరు, కొలత అడుగుతారు. సోలార్‌లో నాకు ఆ కొలపాత్ర లేదు.

వారంటీ కాగితం మళ్లీ చదివితే ఇంకో సంగతి తెలిసింది. ఆ 84.8 శాతం ఏ వెలుగులో? చదరపు మీటరుకి 1000 వాట్లు, సెల్ వేడి 25 డిగ్రీలు, సూర్యకిరణం ఒక నిర్ణీత మందం గాలిలోంచి వచ్చినప్పటి రంగుల పాళ్లు. ఈ మూడూ ఒకేసారి శ్రీకాకుళంలో ఏ డాబా మీదా ఉండవు. ఆ ఎండ పడేటప్పటికి పలక 50 డిగ్రీలు దాటి ఉంటుంది. ఆ వెలుగు ఫ్యాక్టరీలో, ల్యాబ్‌లో మాత్రమే, ఒక ఫ్లాష్ దీపం కింద కొన్ని మిల్లీసెకన్లు ఉంటుంది. అలా కొలిచి ప్రతి పలకకీ సీరియల్ నంబరుతో ఫలితం రాసుకుంటారు. కేంద్ర ప్రభుత్వ నిబంధనల ప్రకారం ప్రతి పలకకీ ఒక చిన్న ఆర్‌ఎఫ్‌ఐడీ చిప్ కూడా ఉంటుంది, తయారైన నెల, సంవత్సరం, వాట్లు, వోల్టేజీ అన్నీ అందులో రాసి. అంటే నా పలక జాతకం నా పలకలోనే ఉంది. చదివే యంత్రం నా దగ్గర లేదు, చదివి కాగితం మీద ఇవ్వమంటే ఇచ్చేవాళ్లు లేరు.

అందరికీ డేటా ఇస్తే ప్రతి మబ్బుకీ ఒక ఫిర్యాదు వస్తుందనే భయం కూడా విన్నాను. నా అనుభవం దీనికి తలకిందులు. డేటా లేనప్పుడు నేను 15 శాతానికి పోట్లాడబోయాను. అంకెలు చూశాక నా ఫిర్యాదు 11కి తగ్గింది. ట్యాంకు నీడ వాటా నేనే తీసేశాను.

చట్టం ఎంతవరకు వస్తుంది

2019 వినియోగదారుల రక్షణ చట్టం మంచి చట్టం. 2020 జులై 20 నుంచి అమల్లో ఉంది. కంపెనీ ఏ రాష్ట్రంలో ఉన్నా మనం ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. మనం చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు. లాయరు లేకుండా మనమే వాదించుకోవచ్చు. కేసు వేయడానికి రెండేళ్ల గడువు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే ముందు రాజీకి ప్రయత్నిస్తారు. నేను అదే చేశాను, దానివల్లే కంపెనీ నుంచి మొదటిసారి రాతపూర్వకంగా జవాబు వచ్చింది.

వస్తువుని పరీక్షించాల్సి వస్తే, కేసు వినే వినియోగదారుల కమిషన్ దాన్ని ల్యాబ్‌కి పంపొచ్చు, 45 రోజుల్లో రిపోర్టు రావాలి. కానీ ల్యాబ్ ఫీజు ముందు ఫిర్యాదుదారుని చేతే కట్టించొచ్చు. మిక్సీ అయితే సంచిలో వేసుకుని పోతాం. రెండు మీటర్ల పైన పొడవు, పాతిక కిలోల పైన బరువున్న అద్దపు పలకని, దారిలో ఇంకో బీట పడకుండా, డాబా దింపి ల్యాబ్‌కి చేర్చడం ఎంతమందికి అవుతుంది? నెలకి 34 యూనిట్ల కోసం ఆ ఖర్చు ఎవరూ పెట్టుకోరు. ఊరుకుంటారు. ఇంకో పాతికేళ్లు ఆ పలక అలాగే ఉంటుంది.

అదే చట్టంలో వినియోగదారుడి హక్కుల జాబితాలో వస్తువు నాణ్యత, పరిమాణం, సామర్థ్యం, స్వచ్ఛత, ప్రమాణం, ధర తెలుసుకునే హక్కు ఉంది. మనం దాన్ని కొనే రోజుకి సంబంధించిన హక్కుగా చూస్తున్నాం. ఉప్పు ప్యాకెట్‌కి అది సరిపోతుంది. 25 ఏళ్లు పనిచేస్తానని మాటిచ్చే వస్తువుకి, నాణ్యత తెలుసుకునే హక్కు కూడా 25 ఏళ్లు నడవాలి కదా. 2022 జులైలో కేంద్రం మరమ్మతు హక్కు మీద కమిటీ వేసి, వ్యవసాయ పరికరాలు, మొబైల్స్, గృహోపకరణాలు, వాహనాలు అని నాలుగు రంగాలు ఎంచుకుంది. ఆ ఏడాది డిసెంబరు 24న పోర్టల్ కూడా తెరిచారు. ఈ నాలుగింటి పక్కన డాబా మీది సోలార్‌ని ఐదోదిగా పేరు పెట్టి చేర్చాలి. కోటి ఇళ్ల మీద పెట్టాలన్న పథకం కింద ప్రజల సొమ్ము సబ్సిడీగా ఇస్తున్నప్పుడు, పలక లెక్క యజమానికి కనపడాలని ఒక షరతు పెట్టడం పెద్ద పనా? యూరప్‌లో 2025 సెప్టెంబరు 12 నుంచి డేటా చట్టం అమల్లోకి వచ్చింది. నెట్‌కి కలిపిన వస్తువు పుట్టించే డేటా దాన్ని వాడేవాడికి ఇవ్వాల్సిందే. అక్కడ అమ్మే ఇన్వర్టర్లకి సాధ్యమైనది ఇక్కడ అమ్మేవాటికి ఎందుకు కాదు?

రెండు పొరల పలక వస్తే

ఇప్పుడు మా తోడల్లుడి వార్త దగ్గరికి వస్తాను. రెండు పొరలూ ఒకే వరసలో కలిపిన సెల్‌లో కరెంటు జోడెడ్ల బండి లాంటిది. ఒక ఎద్దు నెమ్మదిస్తే రెండోదీ ఆ నడకే నడవాలి. పొద్దున్న, సాయంత్రం ఎండ ఎర్రబడి నీలం తగ్గితే పై పొరకి తిండి తగ్గుతుంది. గాలిలో తేమ ఎక్కువైతే నీటి ఆవిరి పరారుణంలో కొంత మింగేస్తుంది, కింది పొరకి తగ్గుతుంది. కళింగపట్నం వైపు సముద్రపు గాలి ఏడాది పొడుగునా ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. ఇప్పుడే "క్లైమేట్ సార్" అంటున్నవాళ్లకి అప్పుడు నిజంగానే ఇంకో రెండు కారణాలు దొరుకుతాయి.

పరీక్ష కూడా కష్టమవుతుంది. మేం ఆ రాత్రి చేసినది సిలికాన్ ఒక్కదానికే. పెరోవ్‌స్కైట్ పొర వెలిగేది ఎరుపు అంచున, 740 దగ్గర. సిలికాన్ వెలిగేది 1150 దగ్గర. రెండింటినీ విడివిడిగా చూడాలి. ఫ్లాష్ దీపంలోనూ రెండు రకాల వెలుగు పాళ్లు సరిగ్గా కుదరాలి. పైగా పెరోవ్‌స్కైట్‌కి తేమ, వేడి పడవు. సిలికాన్ పలకల్లా పాతికేళ్లు ఎండావానల్లో నిలిచిన చరిత్ర దానికి ఇంకా లేదు. 85 డిగ్రీల వేడిలో 85 శాతం తేమలో వెయ్యి గంటలు ఉంచే పరీక్ష పాసవడం వేరు, మన తీరంలో పాతిక వర్షాకాలాలు గడపడం వేరు. ఆక్స్‌ఫర్డ్ పీవీ కంపెనీ 2024 సెప్టెంబరులో ఇలాంటి పలకలు మొదటిసారి అమ్మింది, 24.5 శాతానివి. అవి వెళ్లింది అమెరికాలో పెద్ద విద్యుత్ ప్లాంటుకి. వాళ్ల దగ్గర ఇంజనీర్లుంటారు, కొలిచే యంత్రాలుంటాయి, లాయర్లుంటారు. అవే పలకలు నరసన్నపేటలోనో చీపురుపల్లిలోనో ఒక ఇంటి మీదికి వచ్చిన రోజున ఆ ఇంటాయన దగ్గర ఉండేది చెట్ల బొమ్మ ఉన్న యాప్.

మాకు దగ్గర్లోనే అరసవల్లి సూర్యనారాయణస్వామి గుడి. ఏటా మార్చిలో, అక్టోబరులో కొన్ని రోజులు పొద్దుటి కిరణాలు ద్వారం దాటి వచ్చి స్వామి పాదాల మీద పడతాయి. చిన్నప్పుడు నాన్న భుజాల మీద ఎక్కి చూశాను. మబ్బు పట్టి కిరణం పడని రోజున ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుస్తుంది, పూజారికీ, క్యూలో చివరివాడికీ ఒకేసారి. వెలుగు వచ్చిందా రాలేదా అన్నది ఇంకొకరిని అడిగి తెలుసుకోవాల్సిన విషయంగా మా నాన్న కాలంలో ఎవరూ అనుకుని ఉండరు.

మా ఫిర్యాదు సంగతి. తప్పు ఒప్పుకోకుండా, "గుడ్‌విల్" కింద రెండో పలక మారుస్తామని మూడో నెలలో రాశారు. రవాణా ఖర్చు మీద ఇంకా ఉత్తరాలు నడుస్తున్నాయి. కొత్త పలక సీరియల్ నంబరు మీద ఫ్లాష్ టెస్ట్ కాగితం కావాలని, బిగించాక ఈఎల్ ఫొటో కావాలని రాశాను. జవాబు రావాలి.

ఈలోగా ట్యాంకున్న పక్కింటాయన తనూ ప్లాంటు పెట్టించుకుంటానని, అగ్రిమెంటు రాసేటప్పుడు నన్ను కూర్చోమన్నాడు. ఇద్దరం కలిసి మూడు లైన్లు చేర్చాం. చూడటానికి మాత్రమే ఇన్‌స్టాలర్ స్థాయి లాగిన్ యజమానికి ఇవ్వాలి. ప్రతి పలక టెస్ట్ కాగితం బిగించే రోజే చేతికివ్వాలి. గత ఏడాది అదే నెలతో పోల్చితే పది శాతానికి మించి తగ్గితే పరీక్ష ఖర్చు అమ్మినవాళ్లదే. అమ్మేవాళ్ల తరఫున వచ్చినాయన మొదటి రెండింటికీ సంతకం పెట్టాడు. మూడోదాని దగ్గర పెన్ను ఆపి, హెడ్డాఫీసుని అడిగి చెప్తానన్నాడు.

పక్కింటాయన అడ్వాన్స్ ఇంకా ఇవ్వలేదు.